రేకు

శుక్రవారం షట్టర్ సగం దించి
ముసఫ్ఫా గ్యారేజీల
ఒక పొగగొట్టాన్ని ఇంజన్ చెయ్య మొదలువెట్టినం.

ఆలోచన హమ్దాన్‌ది. అర్బాబ్ కడగొట్టు కొడుకు,
పందొమ్మిదేండ్లు, కాలేజీ నోటుబుక్కు నిండ గీతలు.
చేతులు నావి.
జనవరిల జారుడుబండ్ల పందెమట.
చక్రాలుండొద్దు, రెక్క తిరుగొద్దు,
కింద రెండు పట్టీలు, మీద నిప్పు.

"తిరిగేది ఒక్కటి లేకుంట ఇంజనేంది?" అన్న.
"ఊపిరి తీసుకుంటది" అన్నడు.

ఊపిరంటే నాకు ఎరికే.
మా నాయిన కొలిమితిత్తి లోపట
అరచేతంత తోలుముక్క ఒకటుండేది,
గాలి రాంగ తెరుసుకొని, పోంగ మూసుకునేది.
గంతే సూత్రం.
లోపలికి రానిస్తది, వెనుకకు పోనియ్యది.
గుల్ నవాజ్ చాయ గ్లాసు దించి
"మన వీసా లెక్క" అన్నడు.

ఇక్కడ తోలు కాదు, స్ప్రింగు ఉక్కు.
కాయితమంత పల్చగ, గుండ్రంగ,
నడుమ బోల్టు, చుట్టు పది చీలికలు.
హమ్దాన్ దాన్ని పువ్వు అన్నడు.
మా భాషల రేకంటే పువ్వుదీ అదే, డబ్బాదీ అదే
అని చెప్పిన.
నమ్మలే. మూడుసార్లు పలికి చూసుకున్నడు:
రేకు. రేకు. రేకు.

మొదటిది మందమయ్యింది. ఇంజన్ తేన్పులు తీసి ఊకుంది.
రెండోది మొదట్లకే ఇరిగింది.
మూడోసారి తప్పు రేకుది కాదు, తోకగొట్టందీ, నాదీ.
నాలుగేళ్ల పొడుగు ఎక్కువ కోసిన.
కోసినోడే అతికియ్యాలె గద,
ఆ రాత్రి క్యాంపు బస్సు నన్ను ఇడిచి పోయింది.

నాలుగో శుక్రవారం
కంప్రెసర్ గాలి, కరోలా కాయిలు, వంటగ్యాసు బుడ్డి.
ఒక్కసారి అంటుకున్నంక మళ్ల నిప్పురవ్వ అక్కర్లే,
తన వేడికి తనే అంటుకుంటది.
సెకనుకు ఎనభై పేలుళ్లు, మాకు ఒక్కటే అరుపు.
కుంజుమోన్ నోరు ఆడుతుంది, మాట లేదు.
గొట్టం నడుమ ఎండుమిరప రంగుకు తిరిగి
అంతల్నే నారింజపండయ్యింది.
పదకొండు సెకన్లు.
మా షెడ్డు పిల్లి ఇప్పటికీ తిరిగి రాలే.
ఇప్పి చూస్తే రేకుల అంచులు
నమిలి ఊంచిన చెరుకు పిప్పి.

సబ్ఖా అంటరు ఆ నేలను.
ఉప్పు పేరుకున్న ఎడారి, అడుగేస్తే అప్పడమోలె పటపటమంటది.
పందానికి వారం ముంగట, తెల్లారుజామున,
పికప్ దించి బండిని నిలవెట్టినం.
అది మోసేది యాభై ఐదు కిలోలు.
హమ్దాన్ డెబ్బై తొమ్మిది.
అందరు నా దిక్కు చూసిండ్రు.
నా బక్కతనానికి పద్నాలుగేండ్లకు పని దొరికింది.

వెల్డింగు జాకెట్టు తొడిగి బోర్ల పండుకున్న.
మొగం నేలకు జానెడు ఎత్తుల.
ఎడమచేతి కింద గ్యాసు కుళాయి.
పచ్చజెండ కాడ మూసెయ్యాలె. మాట అది.

ఇంజన్ నా ఈపు మీద అరిచింది.
ఉప్పు గీతలయ్యింది, గీతలు పాలయ్యినయి.
ఈ దేశంల ఎప్పుడు చూసినా
బస్సులనో, డాలాలనో ఎవరి వెనుకనో కూసున్నోన్ని.
ముంగట ఎవరి తలకాయ లేదు.

జెండ అచ్చింది.
జెండ పోయింది.
చెయ్యి కుళాయి మీదనే ఉంది.

రేకులు ఒక్కొక్కటే రాలినట్టున్నయి,
ఇంజన్ దగ్గి, ఇంకోసారి దగ్గి, అదే ఆగింది.
అప్పుడు ఇనవడ్డది
బండి కింద ఉప్పు చిన్నగ నలుగుతున్న సప్పుడు.

హమ్దాన్ చెప్పులు చేతవట్టుకొని ఉరికొచ్చిండు.
"ఎందుకు మూయలే?"
"బిగుసుకపోయింది" అన్న.

వంగి రెండేళ్లతోని తిప్పిండు.
వెన్నల కత్తి తిరిగినట్టు తిరిగింది.
నా మొగం చూసిండు, కుళాయి చూసిండు,
ఏమనలే.
చెయ్యి చాపిండు,
"రేకు" అన్నడు, మా ఊరోని లెక్కనే.

కాలుతున్న బోల్టుకు గుడ్డ చుట్టి
ఇప్పుడు మొదలువెట్టిన.